పర్వతాలు పోసిన పొడి

మౌలాలి పారిశ్రామికవాడలో మాది కోళ్ల దాణా మిల్లు. అక్కడ పరీక్షల గది నాది, పిండిని గుళికలు చేసే పెల్లెట్ మెషిన్ పర్వతాలుది. మా ఇద్దరికీ మధ్య ఒక గాజు కిటికీ. ఐదేళ్లుగా ఆ కిటికీలోంచి ఆయన పని చేయడం చూస్తూనే ఉన్నాను. అందులో ఆరు వారాలు మాత్రం దొంగను చూసినట్టు చూశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

పర్వతాలుకు యాభై నాలుగేళ్లు. పుట్టి పెరిగింది రెజిమెంటల్ బజార్‌లో. తండ్రి అక్కడి పిండి గిర్నిలో పనివాడు. పదో తరగతి తప్పిన ఏడాది పర్వతాలు కూడా అదే గిర్నిలో చేరాడు. రాయి మరీ బిగిస్తే పిండి మాడుతుందని, మాడిన పిండితో చేసిన రొట్టె విరిగిపోతుందని, అందుకే చెవి ఎప్పుడూ రాయి మీద ఉండాలని తండ్రి చెప్పేవాడట. గిర్ని మూతపడ్డాక మౌలాలి వచ్చి, మా మిల్లులో హమాలీగా చేరి, పదేళ్లకు మెషిన్ మీదికి ఎక్కాడు. మెషిన్ చప్పుడు కాస్త మారితే చాలు, క్యాంటీన్‌లో టీ తాగుతున్నవాడు గ్లాసు అక్కడే పెట్టేసి లేచి వెళ్లేవాడు. బస్తాలోకి దిగే గుళికను రెండు వేళ్ల మధ్య నలిపి తేమ ఎంతుందో చెప్పేవాడు. నా మీటరు చూపించే అంకె దానికి అరశాతం అటో ఇటో ఉండేది.

మాట తక్కువ మనిషి. అడిగితే చెప్పేవాడు, అడగకపోతే లేదు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, చివర్లో గట్టి పెరుగు కలుపుకుని రెండు ముద్దలు అన్నం తినేవాడు. ఆ పెరుగు ఆయన భార్య దేవమ్మ తోడుపెట్టింది. మౌలాలి గుట్ట కింద వాళ్ల ఇంట్లోనే ఆమె పెరుగు అమ్ముతుంది. గిన్నె బోర్లించినా కదలదని మిల్లులో అందరూ అనేవాళ్లు.

నా గుణం వేరు. మాది కాకినాడ. నాన్న ఉద్యోగం వల్ల మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాం. మైక్రోబయాలజీ చదివి ఈ మిల్లులో చేరాను. వచ్చిన మక్కజొన్నలో బూజు ఉందేమో, సోయాలో ఇసుక కలిపారేమో, తవుడులో ఊక ఎంతుందో చూడటమే నా పని. ఒక రకంగా అనుమానించడానికే జీతం ఇస్తారు. అలా చూసీ చూసీ, మనుషుల్ని కూడా బస్తాల్లాగే చూడటం అలవాటైపోయిందని నాకు తెలియలేదు.

నిరుడు వానాకాలం మొదట్లో మా యజమాని సుబ్బరాజు గారు కొత్త దాణా ఒకటి మొదలుపెట్టారు. ఆయన భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లకు పైగా ఇక్కడ వ్యాపారం చేస్తున్నారు. కోడిపిల్లలకు యాంటీబయాటిక్ మందులు తగ్గించాలని అందరూ అంటున్నారు కాబట్టి, వాటి బదులు పేగులకు మేలు చేసే బ్యాక్టీరియాను దాణాలోనే కలిపి ఇద్దామన్నది ఆయన ఆలోచన. పెరుగులో ఉండే జాతే అది, లాక్టోబాసిల్లస్. ఒక కంపెనీ వాళ్లు దాన్ని ఎండబెట్టి పొడి చేసి వెండిరంగు పాకెట్లలో పంపేవాళ్లు. నా గదిలో ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని. టన్ను దాణాకు నాలుగు పాకెట్లు. పర్వతాలు పొద్దున వచ్చి నా దగ్గర పాకెట్లు తీసుకుని, మిక్సర్ మీదికెక్కి, కత్తిరించి పోసేవాడు. సాయంత్రం ఖాళీ పాకెట్లు తెచ్చి నా టేబుల్ పక్కన డబ్బాలో వేసేవాడు.

బస్తా మీద పెద్ద అక్షరాలతో ‘గ్రాముకు పది లక్షల మేలు చేసే జీవులు’ అని అచ్చు వేయించారు. పొడి వచ్చినప్పుడల్లా నేను పరీక్ష చేశాను. తయారై బస్తాలోకి దిగిన దాణాను మాత్రం చేయలేదు. పోసినప్పుడు ఉన్నది, తీసినప్పుడు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఆగస్టులో కీసర వైపు నుంచి ధర్మరాజు అనే రైతు ఫోన్ చేశాడు. ఆరు వేల కోడిపిల్లల షెడ్డు ఆయనది. సుబ్బరాజు గారు నన్ను పిలిచి, ఫోన్ స్పీకర్ మీద పెట్టారు.

“నెల రోజులు పెట్టిన సార్ మీ దాణా. పిల్లల కడుపు పారుడు తగ్గలే. అనుమానమొచ్చి సీలు తియ్యని బస్తా ఒకటి ల్యాబుకు పంపిన. అండ్ల బతికున్నది ఒక్కటి సుత లేదంట. మరి బస్తా మీద గట్ల రాసుడేందీ?”

“నేను కనుక్కుని చెప్తానండి,” అని సుబ్బరాజు గారు ఫోన్ పెట్టేశారు. తర్వాత నా వైపు తిరిగారు. “ఇతన్ని ఎవరైనా ఎగదోశారంటావా యోగితా? పక్క కంపెనీ వాళ్లు?”

“పరీక్ష చేసి చెప్తానండి,” అన్నాను.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. గుళికల్ని నూరి, ఉప్పునీళ్లలో కలిపి, పలచన చేసి, ఆ బ్యాక్టీరియాకు నచ్చే ఆహారం పోసిన ప్లేటు మీద పరచాలి. ఒంటి వేడి ఉండే పెట్టెలో రెండు రోజులు ఉంచితే, బతికున్న ఒక్కో బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే తెల్లచుక్క అవుతుంది. చచ్చినవి కనిపించవు. మూడు వేర్వేరు తేదీల బస్తాల్లోంచి తీసి చేశాను. పక్కనే పాకెట్‌లోని పొడితో కూడా చేశాను. మూడో రోజు చూస్తే పొడి వేసిన ప్లేట్ల నిండా లెక్కపెట్టలేనన్ని చుక్కలు. బస్తాల ప్లేట్లు మూడూ కడిగి ఆరబెట్టినట్టున్నాయి.

ధర్మరాజు అబద్ధం చెప్పలేదు.

“నీ గదికీ మిక్సర్‌కీ మధ్య పొడి ఎన్ని చేతులు మారుతుంది?” అని సుబ్బరాజు గారు అడిగారు.

“ఒక్కటేనండి. పర్వతాలన్నది.”

ఆయన లేచి తలుపు వేశారు. “నమ్మకస్తుడే. కానీ ఏళ్ల తరబడి ఉన్నవాడికే సందులన్నీ తెలుస్తాయి. ఎవరితోనూ అనకు. కనిపెట్టి ఉండు,” అన్నారు.

ఆ రోజు నుంచి గాజు కిటికీ నాకు వేరే పనికి వచ్చింది. కనిపెట్టి చూడటం మొదలుపెడితే ప్రతిదీ అనుమానంగానే ఉంటుంది. పర్వతాలు మిక్సర్ దగ్గర ఒంటరిగా ఉంటాడు. స్కూటర్ డిక్కీకి ఎప్పుడూ తాళం వేస్తాడు. ఇదివరకు పాకెట్లు తీసుకునేటప్పుడు ఒక మాటైనా అనేవాడు, ఇప్పుడు తలవంచుకుని వెళ్తున్నాడు. ఒక రోజు పాకెట్ కత్తిరించి, పొడి వాసన చూసి, వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకోవడం చూశాను. ఇంకో రోజు మెషిన్ నోట్లోంచి రాలుతున్న గుళికల్ని చేత్తో పట్టుకుని, మిక్సర్ వైపు చూస్తూ ఏదో ఆలోచిస్తూ నిలబడ్డాడు.

అప్పుడే దేవమ్మకు ఒక హాస్టల్ వాళ్లు కొత్తగా రోజుకు రెండు క్యాన్ల పెరుగు మాట్లాడుకున్నారని హమాలీలు చెప్పుకుంటుంటే విన్నాను. నా లెక్క కుదిరింది. మనం కొంటున్నది పెరుగు బ్యాక్టీరియా. ఆయన భార్య అమ్మేది పెరుగు. ఖాళీ పాకెట్లు నా డబ్బాలోకి సరిగ్గానే వస్తున్నాయి, కానీ వాటిలోని పొడి మిక్సర్‌లోకే పోయిందని ఎవరు చూశారు?

ఆ సాయంత్రం గుట్ట కిందికి వెళ్లి, ముఖానికి చున్నీ కట్టుకుని దేవమ్మ దగ్గర అరకిలో పెరుగు కొన్నాను. మరునాడు రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఊదారంగులో సన్నటి కడ్డీలు కనిపించాయి, మా పొడిలో కనిపించేలాంటివే. అలాంటి కడ్డీలు ఏ ఇంటి పెరుగులోనైనా కనిపిస్తాయని, మా అమ్మ తోడుపెట్టిన పెరుగు చూసినా అవే ఉంటాయని నాకు తెలుసు. చదువుకున్నది కూడా అదే. తెలిసి కూడా, దొరికింది సాక్ష్యం అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత అసలు సాక్ష్యం దొరికింది. మధ్యాహ్నం పర్వతాలు ఒక కాగితంలో చిటికెడు పొడి మడుచుకుని, ఇంకో కాగితంలో గుప్పెడు గుళికలు కట్టుకుని, రెండూ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ ఒకసారి చూశాడు. నేను పక్కకు తప్పుకున్నాను కాబట్టి కిటికీలో ఎవరూ కనిపించి ఉండరు. వెంటనే వెళ్లి సుబ్బరాజు గారికి చెప్పాను.

సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఇరవై మంది దాకా ఉన్నారు అక్కడ.

“పర్వతాలూ, జేబులో ఏముందయ్యా?”

పర్వతాలు రెండు పొట్లాలూ తీసి చూపించాడు.

“ఇంట్ల పాలల్ల ఏసి సూద్దామని, సార్.”

“పాలల్లోనా. పెరుగు గట్టిపడటానికా?”

వెనక ఎవరో నవ్వారు.

“గది గాదు సార్. జెర ఇనున్రి. మెషిన్ల...”

“మెషిన్ సంగతి తర్వాత. ఆ పొడి మన పాకెట్లో నుంచి తీశావా లేదా?”

“తీసిన. చిటికెడు.”

“అంతే కదా,” అన్నారు సుబ్బరాజు గారు. అంతమందిలో ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. పర్వతాలు నా వైపు చూశాడు. నేను చేతిలోని రిజిస్టర్ తెరిచి ఏదో చూస్తున్నట్టు తల దించుకున్నాను.

మరునాటి నుంచి ఆయన్ని బస్తాలు కుట్టే చోట కూర్చోబెట్టారు. మెషిన్ మీదికి రెండో షిఫ్టు మనిషిని వేశారు. పాకెట్లు ఇక మీద నేనే పోయాలని సుబ్బరాజు గారన్నారు. నేనే మిక్సర్ మెట్లెక్కాను. నాలుగు పాకెట్లు నా చేత్తో కత్తిరించి, దులిపి, పోశాను. పిండి కలవడం చూశాను. గుళికలై వచ్చి, చల్లారి, బస్తాలోకి దిగేదాకా కదలకుండా నిలబడ్డాను. ఆ బస్తాలోంచే నమూనా తీశాను.

రెండు రోజుల తర్వాత పెట్టె తెరిచాను. ప్లేటు మీద ఒక్క చుక్క లేదు.

అప్పుడు కూడా నాకు మొదట వచ్చింది సిగ్గు కాదు, ఇంకో అనుమానం. ప్లేట్లలో పోసిన ఆహారం చెడిపోయిందేమో అనుకున్నాను. పెట్టెలో వేడి సరిగా లేదేమో అనుకున్నాను. నేను లేనప్పుడు ఎవరైనా ప్లేట్లు మార్చారేమోనని కూడా అనుకున్నాను. అన్నీ కొత్తగా చేసి మళ్లీ పెట్టాను. పొడి ప్లేటు నిండా చుక్కలు, బస్తా ప్లేటు ఖాళీ. అనుమానించడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులూ పర్వతాలు కిటికీకి అవతల వీపు ఇటు పెట్టి బస్తాలు కుడుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. దేవమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని కుర్చీ వేసింది.

“చున్నీ కట్టుకొని పెరుగు కొనుక్కపోయిన మేడం మీరే గద. మా పెరుగు బూతద్దంల పెట్టి సూసిన్రంట. ఏం కనవడ్డది?”

మిల్లులో మాట దాగదు. “అన్ని పెరుగుల్లోనూ ఉండేదే కనబడింది,” అన్నాను.

“మరి గదే ముచ్చట సార్‌కు చెప్తే అయిపోతుండె గద.”

లోపలి నుంచి పర్వతాలు వచ్చి గడప మీద కూర్చున్నాడు. కోపంగా లేడు. ఎందుకొచ్చానో తెలియక జాగ్రత్తగా చూస్తున్నాడు.

“పర్వతాలన్నా, పొడి నేనే పోశాను. అయినా బస్తాలో లేదు,” అన్నాను.

“ఉండదు మేడం.”

“ఎలా తెలుసు?”

ఆయన బదులు దేవమ్మ చెప్పింది. గేటు దగ్గర దొరికిపోవడానికి ముందే ఒకసారి ఆయన చిటికెడు పొడి, గుప్పెడు గుళికలు ఇంటికి తెచ్చాడట. ఆమె పాలు కాచి గోరువెచ్చగా చేసి రెండు గిన్నెల్లో పోసింది. ఒకదాంట్లో పొడి వేసింది, రెండోదాంట్లో గుళికలు నూరి వేసింది. పొడి వేసిన గిన్నె మరునాటికి గడ్డపెరుగైంది. గుళికల గిన్నెలో పాలు పాలలాగే ఉండి, మక్క వాసన కొట్టి, సాయంత్రానికి పాడయ్యాయి. ఒక్కసారికి నమ్మకం కుదరక, మళ్లీ చూద్దామని రెండోసారి పొట్లాలు కట్టుకున్నాడు. అవే సుబ్బరాజు గారి చేతిలో పడ్డాయి.

“ఉడుకు పాలల్ల తోడేస్తే పెరుగైతదా మేడం?” అంది దేవమ్మ. “వేలు పెడితే కాలొద్దు, గప్పుడు ఎయ్యాలె. గిది సదువుకోనోళ్లకు సుత ఎరుకే.”

“మెషిన్ల ఎంత ఉడుకుంటదో మీకెరుక గద,” అన్నాడు పర్వతాలు. “రోజు మీరే రాస్తరు.”

నిజమే. మెత్తపడటానికి పిండిని ముందు ఆవిరి పట్టిస్తారు. అక్కడి నుంచి రోలర్లు దాన్ని లావుపాటి ఉక్కు అచ్చుకు, అంటే డైకి, ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి తొక్కి బయటికి నెడతాయి. గుళిక గట్టిగా రావాలంటే వేడి ఎనభై డిగ్రీలు దాటాలి. రోజూ పొద్దున ఎనభై రెండో ఎనభై నాలుగో నా రిజిస్టర్‌లో నా చేత్తోనే రాస్తున్నాను. ఆ అంకెను గుళిక గట్టిదనంతో కలిపి చూశాను కానీ, పొడిలోని ప్రాణంతో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు.

“ముందే నాతో అనొచ్చు కదా అన్నా,” అన్నాను.

“మీరు అడగలే. నాకు సుత పక్కా ఎరుక లేకుండె. పెద్ద సదువులు సదివినోళ్లు మొదలువెట్టిన్రు, నేనేం చెప్పాలె? అందుకే ఇంట్ల సూద్దామనుకున్న.” మళ్లీ తనే అన్నాడు. “చిటికెడైనా అడిగి తీస్కోవాలె. అది నా తప్పే.”

సోమవారం ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. మూడు చోట్ల నమూనాలు తీశాం. మిక్సర్‌లో కలిపాక ఒకటి, ఆవిరి పట్టాక ఒకటి, డైలోంచి గుళిక బయటికి వచ్చాక ఒకటి. మిక్సర్ నమూనాలో గ్రాముకు దగ్గర దగ్గర పది లక్షలు, బస్తా మీద రాసినట్టే. ఆవిరి దాటాక కొన్ని వందలు. డై దాటాక సున్నా.

బ్యాక్టీరియా ఒంట్లో పనులన్నీ చేసేవి ప్రోటీన్లు. వేడి తగిలితే అవి గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టుకుపోతాయి, ఇక వెనక్కి రావు. పొడిగా ఉన్నప్పుడు కాస్త ఓర్చుకుంటాయి కానీ, ఆవిరిలో తడి కూడా ఉంటుంది. తడి వేడి ముందు అవి నిమిషం కూడా నిలవలేవు. కొన్ని జాతుల బ్యాక్టీరియా గింజ తొక్కలాంటి గట్టి పెంకు కట్టుకుని తట్టుకుంటాయి. పెరుగు జాతికి ఆ విద్య లేదు.

“మరి ఆవిరి బంజేసి నడిపితే?” అని పర్వతాలు అడిగాడు. నడిపి చూశాం. గుళికలు పొడిపొడిగా రాలాయి. రాపిడికి డై తనంతట తానే వేడెక్కింది. గ్రాముకు వెయ్యి కూడా మిగల్లేదు.

“ఇది వేడి చంపిందా, నొక్కుడు చంపిందా?” అన్నాను. నాకు అది తేలకపోతే నిద్ర పట్టేలా లేదు.

పర్వతాలు ఆలోచించి, “డేవిడ్ రాజు కాడికి పోదాం,” అన్నాడు. డేవిడ్ రాజుకు రెజిమెంటల్ బజార్‌లో చిన్న వర్క్‌షాపు ఉంది. బేరింగులు ఎక్కించే హైడ్రాలిక్ ప్రెస్ ఉందక్కడ. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గల్లీలో ఆడుకున్నవాళ్లు. మేం తెచ్చిన పాకెట్ చూసి అతను, “దీంట్ల ఏమున్నది భాయ్? పోలీసులు గిట్ల రారు గద?” అని రెండుసార్లు అడిగాడు. కోళ్లకు పెట్టే పెరుగు పొడి అని చెప్పినా పూర్తిగా నమ్మలేదు. షట్టరు సగం దించి, బుష్ అనే పొట్టి ఉక్కు గొట్టంలో చెంచాడు పొడి పోసి, పైన కడ్డీ పెట్టి, పది టన్నుల దాకా నొక్కి నిమిషం ఉంచాడు. చల్లగా, సుద్దబిళ్లలాంటి బిళ్ల బయటికి వచ్చింది. ముట్టుకుంటే వేడి లేదు.

ఆ బిళ్లను నూరి పరీక్ష చేస్తే పదింట్లో ఒకటి మాత్రమే బతికి ఉంది. అంటే వేడి లేకపోయినా నొక్కుడుకే చాలా వరకు చస్తాయి. ఒకదానికొకటి నలిగి వాటి పైపొర చిట్లిపోతుంది. మా మెషిన్‌లో ఎంత భాగం వేడిదో, ఎంత భాగం నొక్కుడిదో విడదీసి చెప్పే సాధనాలు మా గదిలో లేవు. రెండూ కలిసి ఏమీ మిగల్చలేదని మాత్రం తేలింది.

కాగితాలన్నీ తీసుకెళ్లి సుబ్బరాజు గారి ముందు పెట్టాను. ఆయన అన్నీ చదివి, కళ్లద్దాలు తీసి, నన్నే చూశారు.

“మొన్నటిదాకా ఆయన తీశాడన్నావు. ఇప్పుడు ఆయన తియ్యలేదంటున్నావు. ఇద్దరూ కలిసి ఊళ్లో తిరిగొచ్చారట కూడా. ఏది నమ్మమంటావమ్మా?”

ఆ మాట తగిలాక తెలిసింది, గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఎలా ఉండి ఉంటుందో.

“మీ ముందే చేస్తానండి,” అన్నాను.

ఆయన నిజంగానే దగ్గరుండి చేయించారు. పొడి తనే పోశారు. నమూనాల సంచులకు తనే సీలు వేసి సంతకం పెట్టారు. ప్లేట్ల పెట్టెకు ఇంటి నుంచి తెచ్చిన తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత తనే తీశారు. మిక్సర్ ప్లేటు నిండా చుక్కలు, డై ప్లేటు ఖాళీ. ఆయన ఖాళీ ప్లేటును వెలుగుకు ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. తర్వాత పొడి అమ్మినవాళ్లకు ఫోన్ చేశారు. పాకెట్లో ఉన్నంతవరకే మా పూచీ, మీరు ఉడికిస్తే మాకేం సంబంధం అన్నారట వాళ్లు.

“మరి ఏం చేద్దాం?” అని నన్ను అడిగారు.

“పర్వతాలన్నను అడుగుదామండి.”

పర్వతాలును పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. “చల్లారినంక ఎయ్యాలె సార్. గుళిక కూలర్ల నుంచి దిగినంక పైన చల్లితే అయిపోతది. నీళ్లల్ల కలిపితే బూజు వడ్తది. నూనెల కలిపి చల్లాలె.”

పురుగుమందు కొట్టే కొత్త పంపు ఒకటి కొని, దాని నాజిల్ మార్చి, కూలర్ కింద కదిలే పట్టీ మీద గుళికలు పోతుంటే తవుడు నూనెలో కలిపిన పొడి సన్నగా పడేలా ఆయనే అమర్చాడు. మొదటిసారి కొన్ని గుళికలకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ పడింది. నాలుగు రోజులు సరిచేశాడు. ఐదో రోజు బస్తాలోంచి తీసిన నమూనాలో ఎనిమిది లక్షలు వచ్చాయి. బస్తా మీద అంకెను ఐదు లక్షలకు తగ్గించి అచ్చు వేయించమని నేను పట్టుబట్టాను. షాపుల్లో మిగిలిన పాత బస్తాలు వెనక్కి తెప్పించారు. ధర్మరాజుకు సుబ్బరాజు గారే ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పారు. ఆయన కొత్త బస్తాలు తీసుకున్నాడు కానీ, “ఏమనుకోకున్రి సార్, నేనైతే ల్యాబుకు పంపుతనే ఉంట,” అన్నాడు.

నూనె పంపు కుదిరిన రోజు సుబ్బరాజు గారు పర్వతాలుతో, “రేపట్నుంచి నీ మెషిన్ మీదికి వెళ్లు,” అన్నారు. పర్వతాలు కదల్లేదు.

“గేటు కాడ అందరి ముందర అడిగిన్రు సార్. గిది సుత అందరి ముందరనే చెప్పున్రి.”

సుబ్బరాజు గారి ముఖం ఎర్రబడింది. ఏమంటారోనని నేను చూస్తున్నాను. మరునాడు పొద్దున షిఫ్టు ఎక్కేటప్పుడు ఆయన అదే గేటు దగ్గర నిలబడి, పొడి ఎవరూ తీయలేదని, అందులోని బ్యాక్టీరియా వేడికీ నొక్కుడుకీ మెషిన్‌లోనే చచ్చిపోతోందని, ఆ సంగతి ముందు కనిపెట్టింది పర్వతాలేనని చెప్పారు. క్షమించమన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఆ మాట నేను అన్నాను, అక్కడే, అందరూ వింటుండగానే. పర్వతాలు తలూపి మెషిన్ దగ్గరికి వెళ్లి, చెవి ఆనించి విని, రెండో షిఫ్టు మనిషి రోలర్లు మరీ బిగించేశాడని సణుగుతూ స్పానర్ తీసుకున్నాడు.

ఇప్పుడు నూనెలో పొడి పోసేటప్పుడు ఆయన నన్ను పిలవకుండా పాకెట్ కత్తిరించడు. నేను వేరే పనిలో ఉంటే కిటికీ మీద వేలితో కొట్టి, వచ్చేదాకా నిలబడతాడు. ఒక నోటుపుస్తకం కొని, తేదీ వేసి, ఎన్ని పాకెట్లు పోశాడో రాసి, కింద తన సంతకం పెట్టి నా వైపు జరుపుతాడు.

“నా మీద ఇంకా అనుమానమా అన్నా?” అని ఒకసారి అడిగాను.

“మీ మీద లేదు మేడం. రేపు ఎవరికన్న రావొచ్చు గద,” అని పెన్ను నా చేతికిచ్చాడు.